స్టాండ్‌బై విమానం

స్టాండ్‌బై విమానం అనగా ఒక విమానయాన సంస్థ తన రోజువారీ షెడ్యూలులో ఏ సర్వీసుకూ కేటాయించకుండా, వేరొక విమానం నిలిచిపోయినపుడు దానికి బదులుగా నడపటానికి సిద్ధంగా ఉంచుకునే విమానం. దీనిని స్పేర్ విమానం, అదనపు విమానం అని కూడా అంటారు. సాంకేతిక లోపం, పక్షి ఢీకొనడం, పిడుగుపాటు, నేలపై తిరిగే వాహనం తగలడం, వాతావరణం బాగులేక విమానం వేరే ఊరిలో చిక్కుకుపోవడం వంటి సందర్భాలలో దీని అవసరం కలుగుతుంది.

విమానం ఎగురుతున్నపుడే సంస్థకు ఆదాయం వస్తుంది. అందువలన నేలపై ఖాళీగా నిలిపి ఉంచిన విమానం పైకి వృథా ఖర్చుగా కనిపిస్తుంది. కానీ ఒక విమానం ఒక రోజులో అనేక సర్వీసులు నడుపుతుంది కాబట్టి, ఉదయం నిలిచిపోయిన ఒక్క విమానం సాయంత్రానికి వెయ్యి మంది ప్రయాణాన్ని చెడగొట్టగలదు. ఈ రెండు నష్టాలలో ఏది ఎక్కువ అనే లెక్క మీదనే స్టాండ్‌బై విమానాల సంఖ్య ఆధారపడి ఉంటుంది.

అవసరం

విమానం ఎగరటానికి వీలులేని స్థితిలో నేలపై ఉండిపోవడాన్ని విమానయాన పరిభాషలో ఎ.ఓ.జి. అంటారు. ప్రతి చిన్న లోపానికీ విమానాన్ని నిలిపివేయరు. ఏ పరికరం పని చేయకపోయినా, ఏ షరతులతో, ఎన్ని రోజుల వరకు విమానాన్ని నడపవచ్చునో తెలిపే కనీస పరికరాల జాబితా ప్రతి విమాన రకానికీ ఉంటుంది. దీనిని ఎం.ఇ.ఎల్. అంటారు. లోపం ఈ జాబితా అనుమతించే పరిధిని దాటినపుడు, మరమ్మతు పూర్తయి అధీకృత ఇంజనీరు సంతకం చేసే వరకు ఆ విమానం కదలరాదు.

ఒక లోపం ఎలా వ్యాపిస్తుందో తెలుసుకోవటానికి ఈ ఊహాత్మక ఉదాహరణను చూడవచ్చు. 180 సీట్ల విమానం ఒకటి ఉదయం 6 గంటలకు హైదరాబాదు నుండి విశాఖపట్నం వెళ్ళి తిరిగి వస్తుంది. తరువాత ఢిల్లీ వెళ్ళి వస్తుంది. సాయంత్రం తిరుపతి వెళ్ళి రాత్రికి హైదరాబాదు చేరుతుంది. మొత్తం 6 ప్రయాణాలు, నిండుగా ఉంటే 1,080 మంది ప్రయాణికులు. ఉదయం 6 గంటలకు బయటపడిన లోపాన్ని సరిచేయటానికి 4 గంటలు పడితే విశాఖపట్నం ప్రయాణికులకే కాక, అప్పటికి ఇంటి నుండి బయలుదేరని తిరుపతి ప్రయాణికులకు కూడా దాదాపు 4 గంటల ఆలస్యం తప్పదు. మధ్యలో పైలట్ల పని గంటల పరిమితి దాటితే చివరి సర్వీసులు రద్దవుతాయి. ఢిల్లీ నుండి వచ్చి హైదరాబాదులో వేరే విమానం ఎక్కవలసిన వారికి ఆ విమానం తప్పిపోతుంది. మరునాటి ఉదయం సర్వీసు కూడా ఆలస్యం కావచ్చు.

అదే విమానాశ్రయంలో స్టాండ్‌బై విమానం ఉంటే ప్రయాణికులను, సామానును, ఆహారాన్ని అందులోకి మార్చి గంట, గంటన్నర ఆలస్యంతో పంపవచ్చు. తరువాతి మజిలీలలో నేలపై ఆగే సమయాన్ని కొంత తగ్గించి మధ్యాహ్నానికి తిరిగి షెడ్యూలును అందుకోవచ్చు. చెడిపోయిన విమానం సాయంత్రానికి బాగుపడి తానే స్టాండ్‌బై స్థానాన్ని తీసుకుంటుంది. స్టాండ్‌బై విమానం వలన ప్రధాన ప్రయోజనం ఇదే: ఆలస్యం మొదటి సర్వీసుతోనే ఆగిపోతుంది, మిగిలిన గొలుసు తెగదు.

రకాలు

తక్షణ స్పేర్: ఇంధనం, తనిఖీలు పూర్తి చేసుకుని, పిలిస్తే వచ్చే సిబ్బందితో సహా సిద్ధంగా ఉండే విమానం. సాధారణంగా సంస్థకు ఎక్కువ సర్వీసులు ఉండే ప్రధాన స్థావరంలో దీనిని ఉంచుతారు.

నిర్వహణ స్పేర్: విమానాలను నిర్ణీత కాలానికి ఒకసారి ఎ చెక్, సి చెక్ వంటి తనిఖీలకు పంపాలి. సి చెక్‌కు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ సమయంలో షెడ్యూలును నడపటానికి ఉంచే అదనపు విమానాలు ఇవి. వీటిలో కొన్ని ఖాళీగా ఉన్న రోజులలో తక్షణ స్పేర్‌గా పనిచేస్తాయి.

షెడ్యూలులోని ఖాళీ: ప్రత్యేకంగా ఒక విమానాన్ని నిలపకుండా, కొన్ని విమానాలకు మధ్యాహ్నం రెండు మూడు గంటల విరామం ఉండేలా షెడ్యూలు వేస్తారు. ఉదయం ఏదైనా విమానం చెడిపోతే ఈ విరామంలో ఉన్న విమానాన్ని దాని బదులు పంపుతారు.

అద్దె విమానం: సొంత విమానం లేనపుడు సిబ్బందితో సహా వేరే సంస్థ నుండి తీసుకునే విమానం.

దీర్ఘకాలం నిలిపి ఉంచిన విమానాలను స్టాండ్‌బై విమానాలుగా భావించరాదు. 2020లో కోవిడ్ కారణంగా ప్రపంచమంతటా వేలాది విమానాలను స్పెయిన్‌లోని టెరుయెల్, అమెరికాలోని విక్టర్‌విల్ వంటి పొడి వాతావరణం గల చోట్ల నిలిపివేశారు. అటువంటి విమానం ఇంజన్లకు, సెన్సర్లకు మూతలు వేసి ఉంచుతారు. దానిని మరల నడపాలంటే అనేక రోజుల తనిఖీ అవసరం.

ఎన్ని విమానాలు కావాలి?

విమానాల సంఖ్య పెరిగిన కొద్దీ, వాటిలో నూటికి ఎన్ని స్పేర్లు కావాలి అనే నిష్పత్తి తగ్గుతుంది. దీనిని సంభావ్యత లెక్కతో చూపవచ్చు. ఏదైనా ఒక రోజున ఒక్కొక్క విమానం నిలిచిపోయే అవకాశం నూటికి 2 అని లెక్క కొరకు అనుకొందాం.

10 విమానాలు నడిపే సంస్థలో ఆ రోజు కనీసం ఒక విమానం నిలిచిపోయే అవకాశం సుమారు 18 శాతం. అంటే దాదాపు ప్రతి అయిదారు రోజులకు ఒకసారి ఇబ్బంది తప్పదు. ఒక స్పేర్ ఉంచుకుంటే, అది సరిపోని రోజులు (రెండు లేదా అంతకన్నా ఎక్కువ విమానాలు నిలిచిపోయే రోజులు) సుమారు 1.6 శాతానికి తగ్గుతాయి. ఇక్కడ స్పేర్ల నిష్పత్తి 10 శాతం.

100 విమానాలు నడిపే సంస్థలో సగటున రోజుకు 2 విమానాలు నిలిచిపోతాయి. 5 స్పేర్లు ఉంచుకుంటే అవి సరిపోని రోజులు సుమారు 1.5 శాతం మాత్రమే. అంటే చిన్న సంస్థ 10 శాతం ఖర్చుతో పొందిన భద్రతను పెద్ద సంస్థ 5 శాతం ఖర్చుతోనే పొందుతుంది.

అయితే ఈ లెక్క విమానాలన్నీ ఒకే రకానివి, అన్నీ ఒకే చోట ఉన్నాయి అనుకున్నపుడే వర్తిస్తుంది. అవే 100 విమానాలు నాలుగైదు రకాలుగా, ఏడెనిమిది స్థావరాలలో విడిపోయి ఉంటే, స్పేర్ల విషయంలో పెద్ద సంస్థ కూడా చిన్న సంస్థల సమూహం వంటిదే అవుతుంది. చవక ధరల సంస్థలు ఒకే రకం విమానాలను కొనడానికి గల కారణాలలో ఇది ఒకటి.

ఖర్చు

స్టాండ్‌బై విమానం ఎగరకపోయినా దాని అద్దె లేదా అప్పు వాయిదా, బీమా, పార్కింగు రుసుము, తనిఖీల ఖర్చు ఆగవు. నేడు అనేక సంస్థలు విమానాలను కొనకుండా లీజుకు తీసుకుంటున్నాయి. కొత్త ఎ320 తరగతి విమానానికి నెలకు కొన్ని లక్షల డాలర్ల అద్దె ఉంటుంది. దానికి తోడుగా పిలుపు కొరకు వేచి ఉండే పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి జీతం చెల్లించాలి. ముంబయి వంటి రద్దీ విమానాశ్రయాలలో విమానం నిలపటానికి స్థలం దొరకడమే కష్టం.

మరొక వైపు విమానం లేకపోతే కలిగే ఖర్చులున్నాయి. ప్రయాణికులకు భోజనం, హోటలు గది, వేరే సంస్థ టికెట్టు, టికెట్టు సొమ్ము వాపసు, నష్టపరిహారం ఇందులోకి వస్తాయి. సంస్థకు పోయే మంచిపేరు లెక్కకు అందదు. డిమాండు ఎక్కువగా ఉండే పండుగ, సెలవు రోజులలో స్పేర్‌ను కూడా షెడ్యూలులో పెట్టి ఆదాయం పొందాలనే ఒత్తిడి సంస్థల మీద ఉంటుంది. కానీ అన్ని విమానాలూ నిండుగా నడిచే ఆ రోజులలోనే ఒక సర్వీసు రద్దయితే ప్రయాణికులను సర్దటానికి ఖాళీ సీట్లు ఉండవు. స్పేర్ అవసరం ఎక్కువగా ఉండే రోజులే దానిని తీసివేయాలనే ఆశ ఎక్కువగా ఉండే రోజులు.

పరిమితులు

స్టాండ్‌బై విమానం ఉన్నంత మాత్రాన ప్రతి సమస్యా తీరదు. ఈ క్రింది విషయాలు కుదరాలి.

స్థలం: స్పేర్ ఢిల్లీలో ఉండి, విమానం పోర్ట్ బ్లెయిర్‌లో చెడిపోతే స్పేర్‌ను ఖాళీగా అక్కడి దాకా నడపాలి. ప్రయాణికులు లేకుండా ఇలా నడపడాన్ని ఫెర్రీ అంటారు.

రకం: 222 సీట్ల ఎ321 బదులు 180 సీట్ల ఎ320 వస్తే 42 మంది మిగిలిపోవచ్చు. 78 సీట్ల ఎ.టి.ఆర్. నడిచే చిన్న విమానాశ్రయంలో పెద్ద జెట్ విమానం దిగలేకపోవచ్చు. మహాసముద్రాలను దాటే సర్వీసులకు ఆ మార్గానికి తగిన అనుమతులు, పరికరాలు ఉన్న విమానమే కావాలి.

సిబ్బంది: పైలట్లు తాము అర్హత పొందిన రకం విమానాన్ని మాత్రమే నడపగలరు. వారి పని గంటలకు, విశ్రాంతికి చట్టబద్ధమైన పరిమితులున్నాయి.

ఆకాశం: దట్టమైన పొగమంచు, తుఫాను, గగనతల మూసివేత వంటి సందర్భాలలో స్పేర్ విమానం కూడా ఎగరలేదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం నుండి వెలువడిన బూడిద వలన ఐరోపాలో సుమారు 1 లక్ష సర్వీసులు రద్దయ్యాయి. అటువంటపుడు స్పేర్లు ఉపయోగపడేది ఆకాశం తెరుచుకున్న తరువాత, నిలిచిపోయిన ప్రయాణికులను తరలించటానికి మాత్రమే.

ఒకే లోపం: ఒక రకం విమానాలన్నిటినీ ఒకేసారి నిలిపివేస్తే అదే రకానికి చెందిన స్పేర్లు కూడా నిలిచిపోతాయి. రెండు ఘోర ప్రమాదాల తరువాత 2019 మార్చిలో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలను ప్రపంచవ్యాప్తంగా నిలిపివేశారు. భారతదేశంలో వీటిని మరల అనుమతించినది 2021 ఆగస్టులో. ఒకే రకం విమానాలు ఉంచుకోవడం వలన స్పేర్ల ఖర్చు తగ్గుతుంది గానీ, ఇటువంటి ప్రమాదం పెరుగుతుంది.

నిర్ణయం తీసుకునే విధానం

సంస్థ కార్యకలాపాల నియంత్రణ కేంద్రం 24 గంటలూ విమానాలను, సిబ్బందిని, వాతావరణాన్ని గమనిస్తూ ఉంటుంది. లోపం గురించి తెలియగానే మరమ్మతుకు ఎంత సమయం పడుతుందో ఇంజనీర్లు అంచనా ఇస్తారు. దానిని బట్టి వేచి ఉండటం, వేరొక సర్వీసు విమానంతో మార్చడం, స్పేర్‌ను వాడటం, ప్రయాణికులను ఇతర సర్వీసులలో పంపడం, రద్దు చేయడం అనే మార్గాలలో ఒకదానిని ఎంచుకుంటారు.

ఇందులో ముఖ్యమైన చిక్కు ఏమనగా, స్పేర్‌ను ఉదయమే వాడేస్తే తరువాత మరింత పెద్ద అవసరం వచ్చినపుడు చేతిలో ఏమీ ఉండదు. మరమ్మతు అంచనా తరచూ మారుతూ ఉంటుంది. అందువలన గంటలో అవుతుందని చెప్పిన మరమ్మతు కొరకు వేచి చూసి, నాలుగు గంటల తరువాత స్పేర్‌ను వాడటం కూడా జరుగుతుంది.

అద్దె విమానాలు

విమానం, సిబ్బంది, నిర్వహణ, బీమా నాలుగింటినీ కలిపి అద్దెకు ఇవ్వడాన్ని వెట్ లీజు అంటారు. క్యాబిన్ సిబ్బంది అద్దెకు తీసుకున్న సంస్థ వారై, పైలట్లు మాత్రం విమానం ఇచ్చిన సంస్థ వారైతే దానిని డ్యాంప్ లీజు అంటారు. ఇతర సంస్థల కొరకు ఇలా విమానాలు నడపడమే ప్రధాన వ్యాపారంగా గల సంస్థలున్నాయి. పోర్చుగల్‌కు చెందిన హై ఫ్లై, లండన్ స్టాన్‌స్టెడ్ కేంద్రంగా 1988లో మొదలైన టైటన్ ఎయిర్‌వేస్ వీటిలో ప్రసిద్ధమైనవి. 2018లో బోయింగ్ 787 విమానాల రోల్స్ రాయిస్ ఇంజన్లలో లోపాలు బయటపడినపుడు, నార్వేజియన్ సంస్థ లండన్ - న్యూయార్కు మార్గంలో హై ఫ్లై వారి ఎ380 విమానాన్ని కొంతకాలం నడిపింది.

ఇండిగో సంస్థ 2023 నుండి టర్కిష్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 777 విమానాలను డ్యాంప్ లీజుపై ఇస్తాంబుల్ సర్వీసులకు వాడింది. 2025 మేలో ఈ అనుమతిని 3 నెలలకు మాత్రమే పొడిగించారు, తరువాత ఆగస్టులో మరొకసారి పొడిగించారు. పరాయి విమానం మీద ఆధారపడినపుడు సంస్థల ఒప్పందంతో పాటు ప్రభుత్వ అనుమతి, దేశాల మధ్య సంబంధాలు కూడా లెక్కలోకి వస్తాయి.

కొన్ని ముఖ్య సంఘటనలు

మగదాన్ (2023): 2023 జూన్ 6న ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777 ఒక ఇంజనులో లోపం వలన రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. ఆ ఊరిలో సంస్థకు ఉద్యోగులు లేరు, తగినన్ని హోటలు గదులు లేవు. జూన్ 7న ముంబయి నుండి మరొక బోయింగ్ 777ను ఆహారపదార్థాలతో ఖాళీగా పంపారు. అది జూన్ 8న ప్రయాణికులను శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చింది. విమానం దొరికినా, దూరం వలన ఎంత సమయం పడుతుందో ఈ సంఘటన తెలుపుతుంది.

సౌత్‌వెస్ట్ (2022): 2022 డిసెంబరు చివరి వారాలలో మంచు తుఫాను తరువాత అమెరికాకు చెందిన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ సుమారు 16,900 సర్వీసులను రద్దు చేసింది. 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ఇతర సంస్థలు త్వరగానే కోలుకోగా, ఏ పైలట్ ఏ ఊరిలో ఉన్నాడో గుర్తించి విమానాలతో జతపరచలేక ఈ సంస్థ రోజుల తరబడి సతమతమయింది. 2023 డిసెంబరులో అమెరికా రవాణా శాఖ దీనికి 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

ఇండిగో (2025): పైలట్ల విశ్రాంతి నియమాల రెండవ దశ 2025 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు మొదటి దశలోనే వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది. రెండవ దశలో రాత్రి వేళ దిగే విమానాలపై పరిమితి కఠినమైంది. దీనికి తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోకపోవడంతో డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు వేలాదిగా రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే 1,000కి పైగా రద్దయ్యాయి. హైదరాబాదుతో సహా అన్ని పెద్ద విమానాశ్రయాలలో ప్రయాణికులు చిక్కుకున్నారు. తరువాత ప్రభుత్వం ఆ సంస్థ షెడ్యూలును 10 శాతం తగ్గించమని ఆదేశించింది. ఇక్కడ విమానాలకు కొరత లేదు, వాటిని నడిపే స్టాండ్‌బై సిబ్బందికే కొరత.

ప్రముఖుల ప్రయాణాలు

దేశాధినేతల విదేశీ పర్యటనలలో స్టాండ్‌బై విమానం ఉంచడం ఆనవాయితీ. అమెరికా అధ్యక్షుని కొరకు 1990లో ఒకే రకపు బోయింగ్ 747 విమానాలు రెండు ప్రవేశపెట్టారు. భారత రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రుల కొరకు కూడా 2020 అక్టోబరులో రెండు బోయింగ్ 777 విమానాలు వచ్చాయి. వీటిని భారత వైమానిక దళం నడుపుతుంది.

స్పేర్ దూరంగా ఉంటే ఏమవుతుందో 2023 సెప్టెంబరులో ఢిల్లీలో కనిపించింది. జి20 సమావేశాల తరువాత సెప్టెంబరు 10న బయలుదేరవలసిన కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో, విమానంలో లోపం వలన 12వ తేదీ వరకు ఢిల్లీలోనే ఉండిపోయారు. కెనడా నుండి మరొక విమానం బయలుదేరినా, అది ఢిల్లీ చేరేలోపే మొదటి విమానం బాగుపడింది.

ప్రయాణికుల హక్కులు

ఐరోపా సమాఖ్యలో 2005 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్న 261వ నిబంధన ప్రకారం, దూరాన్ని బట్టి ప్రయాణికునికి 250 నుండి 600 యూరోల వరకు పరిహారం లభిస్తుంది. అసాధారణ పరిస్థితులలో దీనికి మినహాయింపు ఉన్నది. అయితే సాధారణ సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి కాదని ఐరోపా న్యాయస్థానం 2008లో తీర్పు ఇచ్చింది. దీనితో విమానం చెడిపోవడం సంస్థ ముందుగా ఊహించి సిద్ధపడవలసిన విషయంగా మారింది.

భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ నియమాల ప్రకారం, తగిన గడువులో ముందుగా తెలియజేయకుండా సర్వీసును రద్దు చేస్తే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు పరిహారంగా ఇవ్వాలి. మూల చార్జీ, ఇంధన చార్జీల మొత్తం ఇంతకన్నా తక్కువైతే ఆ తక్కువ సొమ్మే ఇస్తారు. సంస్థ అదుపులో లేని కారణాలకు ఇది వర్తించదు. పరిహారం ఎంత ఎక్కువైతే స్పేర్ ఉంచుకోవడం సంస్థకు అంత లాభసాటి అవుతుంది.

భారతదేశంలో ఇటీవలి పరిస్థితి

2023లో ప్రాట్ అండ్ విట్నీ వారి జి.టి.ఎఫ్. ఇంజన్ల తయారీలో వాడిన లోహపు పొడిలో లోపం ఉన్నట్లు ప్రకటించారు. తనిఖీల కొరకు ఇంజన్లను విప్పవలసి రావడంతో 2024 మొదట్లో ఇండిగో విమానాలు 70కి పైగా నేలపైనే ఉన్నాయి. గో ఫస్ట్ సంస్థ 2023 మేలో దివాలాకు దరఖాస్తు చేసి సర్వీసులు నిలిపివేసింది. తన విమానాలలో దాదాపు సగం ఈ సంస్థ ఇంజన్ల కొరతతో ఆగిపోవడమే అందుకు కారణమని అది తెలిపింది. నాలుగైదు స్పేర్లు ఉన్న సంస్థ ఇటువంటి నష్టాన్ని తట్టుకోలేదు.

దీని వలన మరమ్మతు వేగం కూడా ఒక రకమైన స్పేర్ అని అర్థమవుతుంది. ఇంజను మరమ్మతుకు విదేశాలకు వెళ్ళి నెలల తరువాత తిరిగి వస్తే, ఆ కాలమంతా విమానం నిలిచి ఉంటుంది లేదా స్పేర్ ఇంజను కొనవలసి వస్తుంది. హైదరాబాదులోని శంషాబాదు విమానాశ్రయ ప్రాంగణంలో విమానాల మరమ్మతు కేంద్రాలున్నాయి. అక్కడే లీప్ ఇంజన్ల కొరకు ఫ్రాన్సుకు చెందిన సఫ్రాన్ సంస్థ నిర్మించిన మరమ్మతు కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభమైనది. ఇండిగో, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఆకాశ ఎయిర్ విమానాలలో అనేకం ఈ ఇంజన్లతోనే నడుస్తున్నాయి. ఇంజను త్వరగా తిరిగి వచ్చిన కొద్దీ అదే సంఖ్యలో స్పేర్లతో సంస్థ ఎక్కువ అంతరాయాలను తట్టుకోగలదు.

ఇవి కూడా చూడండి

విమానాశ్రయం
పౌర విమానయానం
బోయింగ్ 777
రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం